లాండ్రీ గదిలో దొరకని తాళంచెవి

సార్జెంట్ ఐలా కోర్పెలా మెట్లు దిగేసరికి కింది లాండ్రీ గదిలో అప్పటికే ఒక మనిషి నిలబడి ఉన్నాడు. మడత నలగని కోటు, అద్దంలా మెరిసే బూట్లు. ఆ బూట్లకి తొడుగులు వేసుకోవాలన్న ఇంగితం మాత్రం లేదు.

"కింద ఒలికింది సబ్బుపొడి," అంది ఐలా. "మీరు దాన్ని తొక్కుతున్నారు."

అతను కిందికి చూసుకుని ఒక్క అడుగు పక్కకి వేశాడు. అక్కడా సబ్బుపొడే ఉంది. తన పేరు క్లైవ్ హేవార్డ్ అనీ, ఆస్పత్రులకి మందు పంపులు తయారుచేసే కెల్‌బ్రిడ్జ్ కంపెనీలో భద్రత చూసేది తనేననీ, ఈ ఇంట్లోకి రావడానికి పోలీసు చీఫ్ గారి అనుమతి ఉందనీ చెప్పాడు.

"తొక్కడానికి కూడా ఇచ్చారా?" అని అడిగి ఐలా చేతికి తొడుగులు వేసుకుంది.

నిన్న సాయంత్రం గార్నెట్ లిండ్‌క్విస్ట్ ఈ మెట్ల కింద, తలకి దెబ్బ తగిలి పడి ఉన్నాడు. చర్చిలో పాటల సాధన ముగించుకుని వచ్చిన భార్య సిల్వీ చూసి అంబులెన్సుని పిలిచింది. మెట్లు పాతవి. ఒకటి వదులుగా ఉంటుందని ఇరుగుపొరుగు అందరికీ తెలుసు. మనిషికి అరవై దాటాయి. కాలు జారిందని రాసుకుని పోలీసులు ఊరుకున్నారు. వచ్చిన కానిస్టేబులు పక్కగది తలుపు తీసి చూశాడు గానీ, మగవాడు బల్ల వేసుకుని పనిచేసుకునే లాండ్రీ గది ఇలా కాక ఎలా ఉంటుందనుకుని మళ్లీ మూసేశాడు. ఈ ఉదయం పదింటికి మాత్రం ఊరుకోవడానికి వీల్లేని సంగతి జరిగింది. ఆస్పత్రిలో ఒంటి మీద తెలివి లేకుండా పడి ఉన్న మనిషి సంతకంతో, పించ్ కొత్త వెర్షన్ లోకం మీదికి విడుదలైంది.

పించ్ అంటే చిటికెడు. అది ఒక లైబ్రరీ. పుస్తకాలుండే లైబ్రరీ కాదు. ఒకరు ఒకసారి శుభ్రంగా రాసిపెట్టేస్తే, మిగతా లోకమంతా పైసా ఇవ్వకుండా తమ ప్రోగ్రాముల్లో కలుపుకునే కోడు. సిల్వీ బేకరీ పెట్టిన కొత్తలో వాళ్లమ్మ చెప్పిన యాలకుల రొట్టె కొలతలు కప్పుల్లో ఉండేవి, అంగట్లో పిండి కిలోల్లో ఉండేది. భార్య తంటాలు చూడలేక పదహారేళ్ల కిందట గార్నెట్ మాస్టారు రాసిచ్చిన చిన్న లెక్క అది. ఒక కొలతని ఇంకో కొలతలోకి మార్చడం, అంతకు మించి ఏమీ లేదు. తప్పు చేయదు గనక ఒకరు వాడారు, వాళ్లని చూసి ఇంకొకరు వాడారు. ఇవాళ రోగి బరువుని బట్టి మందు ఎన్ని చుక్కలు పోవాలో తేల్చే పంపుల్లో కూడా పనిచేసేది అదే. మాస్టారు మాత్రం పగలు హైస్కూల్లో పిల్లలకి బాండు నేర్పుతూ, సాయంత్రం వాషింగ్ మెషీను పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, ముఖం కూడా తెలియని మనుషులు పంపిన ఫిర్యాదులకి జవాబులు రాస్తూ ఉండేవాడు.

ఐలా ఆ బాండులో మూడేళ్లు క్లారినెట్ వాయించింది. పిల్లి తోక మీద కాలు వేసినట్టు ఉండేది ఆమె వాయింపు. మాస్టారు ఒక్కసారీ చెవులు మూసుకోలేదు. "బాగుంది, మళ్లీ మొదట్నుంచి," అనేవాడు. ఆయన తన పని తాను అమ్ముకున్నాడని ఎవరైనా అంటే ఐలాకి నమ్మడం కష్టం. ఆ కష్టం తన దర్యాప్తుకి మంచిది కాదని కూడా ఆమెకి తెలుసు. అందుకే నోరు మూసుకుని ముందు గదిని చూసింది.

వాషింగ్ మెషీను గోడ నుంచి మూరెడు ముందుకి లాగి ఉంది. వెనక రేకు ఊడదీశారు. డ్రయ్యర్‌లో పీచు పట్టే జల్లెడ బయట పడేశారు. సబ్బుపొడి డబ్బా బోర్లించేశారు. ట్రాంబోన్ పెట్టె లోపలి మఖమలు గుడ్డ చీల్చి ఉంది. లాప్‌టాప్ మాత్రం బల్ల మీద చెక్కుచెదరకుండా ఉంది.

"దీంట్లో ఆలోచించడానికి ఏముంది?" అన్నాడు హేవార్డ్. "పించ్ కొత్త వెర్షన్ ఏది వదలాలన్నా ఆయన సంతకం పడాలి. ఆ సంతకం పెట్టే తాళంచెవి పెన్‌డ్రైవ్ అంత ఉంటుంది. అది లేకపోతే ఎంతటివాడైనా ఏమీ చేయలేడు. దొంగ దానికోసం వచ్చాడు, పట్టుకుపోయాడు, పొద్దున వాడాడు."

"తాళంచెవి ఎక్కడ ఉండేది?"

ఆ ప్రశ్నకి జవాబు మెట్ల మీంచి వచ్చింది. భర్తకి బట్టలు తీసుకెళ్దామని ఆస్పత్రి నుంచి వచ్చిన సిల్వీ సగం మెట్లు దిగి, అక్కడే ఆగిపోయి ఉంది. తలుపు వెనక మేకుకి తగిలించి ఉంటుందని చెప్పింది. ఏదో సంగీతం పోటీలో పిల్లలకి వచ్చిన పతకం ఉందట, దాని రిబ్బనుకే తాళంచెవి కూడా కట్టుకున్నాడట.

ఐలా తలుపు తిప్పి చూసింది. మేకు ఉంది. రిబ్బను లేదు. మేకు చుట్టూ గోడ మీద తెల్లటి వేలిగుర్తులు, సబ్బుపొడివి.

"చూశారా," అన్నాడు హేవార్డ్.

"చూస్తున్నాను. హేవార్డ్ గారూ, ఈ గదిలో వాడు వెతకని చోటు ఒక్కటి చూపించండి."

అతను నవ్వి, ఇదేం ఆటన్నట్టు, పైన దీపం బుడ్డి చూపించాడు. దాని మూత మరలు వదులై ఉన్నాయి. నీళ్ల గొట్టానికి చుట్టిన దూది చూపించాడు. అది చివరిదాకా కోసి ఉంది. ఇస్త్రీ బల్ల మీది గుడ్డ చూపించాడు. ఐలా దాన్ని ఎత్తింది, లోపలి స్పాంజి రెండు ముక్కలు.

"దొరికినవాడు వెతకడం ఆపేస్తాడు," అంది ఐలా. "వీడు ఎక్కడా ఆపలేదు."

"ఆఖరి చోట దొరికిందేమో."

ఐలా ట్రాంబోన్ పెట్టె దగ్గర కూర్చుని చీలిన మఖమలుని వేలితో పక్కకి తీసింది. లోపల కూడా సబ్బుపొడి గుర్తులే. పెట్టె కింద నేల మీద మాత్రం పొడి లేదు, శుభ్రంగా ఉంది. అంటే పెట్టె అక్కడ పడ్డాక పొడి ఒలికింది. ఒలికాక, ఆ పొడి అంటిన చేత్తోనే వాడు మళ్లీ ఇదే పెట్టె తడిమాడు.

"ఒకసారి వెతికినచోటే మళ్లీ వెతికాడు. ఇల్లంతా గాలించి మళ్లీ మొదటి అలమారా తెరుస్తామే, ఎప్పుడు? ఎక్కడా దొరకనప్పుడు. వాడు వచ్చేసరికే ఆ మేకు ఖాళీ."

హేవార్డ్ ముఖంలో నవ్వు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. అలాగైతే మరీ మంచిది అన్నాడు. దొంగకి దొరకలేదు, అయినా సంతకం పడింది, అంటే లిండ్‌క్విస్టే తాళంచెవిని ముందుగా ఎవరికో అమ్మేశాడు. వాళ్లలో వాళ్లకి చెడి ఒకరు వచ్చి కొట్టారు. కిందటేడు తమ కంపెనీ మంచి జీతంతో ఉద్యోగం ఇస్తానంటే ఈయన వద్దన్నాడని, అప్పుడే తనకి అనుమానం వచ్చిందని చెప్పాడు.

"వద్దంటే అనుమానమా?"

"పదహారేళ్లు, ఎవరూ అడక్కుండా, ఎవరూ ఇవ్వకుండా, లోకానికంతా ఊరికే చాకిరీ చేసే మనిషి ఉంటాడా సార్జెంట్? ఎక్కడో వసూలు చేసుకుంటూనే ఉంటాడు."

"మీరు స్నానాలగదిలో పాడుకుంటారా?"

"ఏమిటి?"

"పాడుకుంటే, దానికి ఎవరు జీతం ఇస్తున్నారో చెప్పండి. వాళ్ల దగ్గర మాస్టారికి కూడా అడుగుదాం."

మెట్ల మీద సిల్వీ ఏడుస్తూనే నవ్వింది. హేవార్డ్ ఫోను తీసి కొత్త వెర్షన్‌కి జత చేసిన నాలుగు వాక్యాలు ఐలా ముఖం ముందు పెట్టాడు. అందులో ఏం మారిందో సరిగా చెప్పకపోవడమే అతని అభియోగం. మామూలుగా ప్రతి మార్పూ విడమరిచి చెప్పే మనిషి ఈసారి 'చిన్న చిన్న సవరణలు' అని దాటేశాడు. కోడులో మాత్రం పెద్ద భాగమే మారింది. దాచడానికి ఏదో ఉంది గనకే దాచారు.

ఐలా రెండుసార్లు చదివింది. మొదటి మూడు వాక్యాలూ అతను చెప్పినట్టే డొంకతిరుగుడుగా ఉన్నాయి. నాలుగోది వేరు. పెద్ద చెంచా కొలత దక్షిణ అమెరికాలో తమ దగ్గర వేరేగా ఉంటుందని రాసిన పెరూ బడివంటావిడ ఎల్విరా కిస్పే గారికి కృతజ్ఞతలు, ఆలస్యానికి మన్నించండి, ఇప్పుడు సరిచేశాం అని ఉంది.

"దొంగతనానికి వచ్చినవాడు పోయేముందు సింకులో గిన్నెలు కడిగి పోతాడా?" అంది ఐలా.

"అదంతా వేషం. లిండ్‌క్విస్ట్ రాసినట్టే కనపడాలని."

"ముప్ఫై నలభై ఫిర్యాదులున్నాయి వరసలో. వేషం వేసేవాడు అందులో ఎవరి పేరైనా అతికిస్తాడు. ఇక్కడ చెంచా నిజంగా సరిచేసి ఉందా లేదా? మీవాళ్లు చూసే ఉంటారు."

హేవార్డ్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. తర్వాత ఒప్పుకున్నాడు. సరిచేసే ఉంది. బాగానే సరిచేసి ఉంది.

ఐలా సిల్వీ వైపు తిరిగి, మాస్టారు కొత్త వెర్షన్ వదిలేటప్పుడు ఎలా వదిలేవారని అడిగింది.

"తను రాసింది తను వదలడమ్మా," అంది సిల్వీ. "వంట నాది, ఉప్పు చూసేది నువ్వు అంటాడు. ఆయన రాస్తే రమోనా చూసి వదలాలి. రమోనా రాస్తే ఈయన చూసి వదలాలి. రాసేదీ వదిలేదీ ఒక్కరే కాకూడదని వాళ్ల పట్టుదల. ఆ తాళంచెవి వారానికోసారి అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది."

రమోనా అంటే పళ్ల డాక్టరు రమోనా టెస్కీ. ఈ రస్సెల్ పోర్ట్ ఊళ్లో ఆమె చేతికింద నోరు తెరవని మనిషి లేడు. మాస్టారికి తోడుగా పించ్ పని చూసే రెండో మనిషి ఆమేనని మాత్రం ఊళ్లో పదిమందికి కూడా తెలియదు.

ఐలా హేవార్డ్‌ని ఒక గంట ఆగమని అడిగింది. అతను వాచీ చూసుకుని, కుదరదన్నాడు. కొత్త వెర్షన్ తీసేసి అందరూ వెంటనే పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లాలని మధ్యాహ్నానికల్లా అన్ని ఆస్పత్రులకీ హెచ్చరిక పోతుంది. రోగుల ప్రాణాలతో ఆడుకోలేనన్నాడు. ఆ ఒక్క మాటలో ఐలాకి అతని మీద కొంచెం గౌరవం కలిగింది. అతను అబద్ధాలకోరు కాడు, మొండివాడు, అంతే.

*

రమోనా టెస్కీ క్లినిక్‌లో ఒక ముసలాయన నోరు తెరుచుకుని పడుకుని ఉన్నాడు. ఐలాని చూడగానే డాక్టరు చేతిలో పరికరం ఆగింది.

"ఏడాదికోసారి రా అంటే మూడేళ్లకి వచ్చావు. అదీ యూనిఫారం వేసుకుని," అంది రమోనా. "కూర్చో. ఈయన అయ్యాక చూస్తాను."

"నా పళ్ల కోసం కాదు డాక్టర్. పక్కగదిలోకి వస్తావా?"

ఎక్స్‌రే గదిలో తలుపు వేశాక ఐలా అటూ ఇటూ తిప్పలేదు. ఈ ఉదయం పదింటికి నువ్వు ఎక్కడున్నావని అడిగింది. ఇక్కడే, ఒక పేషెంటుకీ ఇంకో పేషెంటుకీ మధ్య, అంది రమోనా. కొత్త వెర్షన్ వదిలింది నువ్వేనా అని అడిగింది. దానికి రమోనా చేతి తొడుగులు విప్పి బుట్టలో వేసింది.

"రమోనా, ఆయన తన పేరు అమ్ముకున్నాడని పోలీసు స్టేషన్లో మా చీఫ్ కూడా నమ్మడానికి సిద్ధంగా ఉన్నాడు."

"ఎవరేమనుకున్నా ఇంకో రెండు రోజులు అనుకోనీ. గార్నెట్‌ని నిద్ర లేపి అడిగినా అదే చెప్తాడు."

"ఎందుకు రెండు రోజులు?"

రమోనా పెదవులు బిగించింది. ఊరందరి నోళ్లూ తెరిపించే మనిషి తన నోరు మూసుకుంటే ఎంత గట్టిగా మూసుకోగలదో ఐలా చూసింది. బెదిరించి లాభం లేదని అర్థమైంది. అందుకని బెదిరించలేదు. లాండ్రీ గదిలో తను చూసింది మాత్రం చెప్పింది. వాషింగ్ మెషీను సంగతి, సబ్బుపొడి సంగతి, చీల్చిన ట్రాంబోన్ పెట్టె సంగతి, మేకు చుట్టూ వేలిగుర్తుల సంగతి.

డాక్టరు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"కాలు జారిందన్నారు," అంది. "సిల్వీ నాతో కాలు జారిందనే చెప్పింది."

"జారలేదు."

రమోనా తెల్లకోటు జేబులోంచి ఎర్రటి రిబ్బను బయటికి తీసింది. ఒక చివర ఇత్తడి పతకం, దాని పక్కన వేలెడు తాళంచెవి. నిన్న బడి వదిలాక మాస్టారే వచ్చి ఇచ్చి వెళ్లాడట. ఆయన రాసిన మార్పు ఆమె రాత్రికి చూసి, పొద్దున వదలాలి. ఆ మార్పు దేనికోసమో చెప్పేటప్పుడు ఆమె గొంతు తగ్గింది.

నెల కిందట వదిలిన వెర్షన్‌లో ఒక కన్నం ఉంది. బయటినుంచి ఎవడైనా ఒక రహస్య సంకేతం పంపితే, పించ్ తెర మీద ఒక లెక్క చూపిస్తుంది, లోపల ఇంకో లెక్క చేస్తుంది. రొట్టెలు చేసుకునేవాళ్లకి దానివల్ల రొట్టె మాడుతుంది. ఆస్పత్రి పంపులో మందు పదింతలు పోతుంది, తెర మీద మాత్రం అంతా సవ్యంగానే ఉంటుంది. ఆస్పత్రులని బెదిరించి డబ్బు గుంజాలనుకునేవాడికి అంతకన్నా ఏం కావాలి? మొన్న ఆదివారం మాస్టారు ఏదో పాత లెక్క సరిచూసుకుంటూ దాన్ని పట్టుకున్నాడు. చదువుకున్న ఇంజినీర్లు కెల్‌బ్రిడ్జ్‌లో ఎంతమంది ఉన్నారో గానీ, వాళ్లెవరూ ఆ కోడు ఒక్కసారీ తెరిచి చూడలేదు.

"మరి చెప్పలేదేం? విడుదల చేసినప్పుడైనా రాయాల్సింది కదా, కన్నం ఉంది పూడ్చాం అని."

"అది మా పద్ధతి కాదు ఐలా. కొత్తది అందరికీ చేరేదాకా కన్నం ఉందని నోరెత్తకూడదు. చేరడానికి రెండు రోజులు పడుతుంది. ఇదిగో ఇక్కడ గోడకి దారి ఉంది అని దండోరా వేశాక తీరిగ్గా ఇటుకలు పేర్చుకోం కదా. అందుకని చిన్న చిన్న సవరణలు అని రాశాను. ఊరికే అలా రాస్తే అబద్ధం అవుతుందని, ఎప్పట్నుంచో అనుకుంటున్న చెంచా సంగతి కూడా కూర్చుని సరిచేశాను. చూడ్డానికి గార్నెట్ లేడు, ఆ ఒక్కదానికే మా పద్ధతి తప్పాను."

స్నేహితుడు ఆస్పత్రిలో, లోకమంతా ప్రమాదంలో, వసారాలో పేషెంట్లు. అయినా అబద్ధం రాయడం ఇష్టంలేక పెరూలో ఒక వంటావిడ చెంచా సరిచేసి కూర్చున్న మనిషి. ఇలాంటి ఇద్దరు మనుషుల భుజాల మీద ఇన్ని ఆస్పత్రులు నడుస్తున్నాయని ఎవరికీ తెలియకపోవడం సిగ్గుచేటనిపించింది ఐలాకి.

"ఆ కన్నం పెట్టిందెవరు?"

రమోనాకి ఆ పేరు పలకడం కష్టమైంది. మూడేళ్లుగా తమతో కలిసి పనిచేస్తున్న ఒక కుర్రాడట, నోలన్ ట్రెడ్‌వెల్. ముఖం ఎవరూ చూడలేదు. ఈ పనిలో ఎవరూ ఎవరి ముఖాలూ అడగరు. తమకి వేళ లేనప్పుడు ఎవరూ ముట్టుకోని చెత్తపనంతా నెత్తిన వేసుకునేవాడు. ఒక్కరోజూ విసుక్కోలేదు. ఏది పంపినా కింద ఒకటే మాట, 'తొందరేం లేదు, మీ వీలు చూసుకునే చూడండి.' అంత మర్యాదస్తుడు పంపిన మార్పుని నెల కిందట రమోనా చూసింది, గార్నెట్ చూశాడు. ఇద్దరూ కూడా ఆ రోజు అలిసిపోయి ఉన్నారు.

"నిన్న గార్నెట్‌తో పోట్లాడాను," అంది రమోనా. "వాడిని వెంటనే వెళ్లగొడదాం అన్నాను. ఒప్పుకోలేదు. ఆ కుర్రాడి పాస్‌వర్డు ఎవరైనా కొట్టేసి ఉండొచ్చు కదా, ఊరికే సాయం చేయడానికి వచ్చినవాడిని నలుగురిలో దొంగ అంటామా, ముందు నేనొకసారి పక్కకి పిలిచి అడుగుతాను అన్నాడు. ఫోన్లో అడుగుతాడనుకున్నాను."

ఫోన్లో అడగలేదు. ఇంటికి పిలిచాడు. తప్పు వాయించిన పిల్లాడిని పదిమందిలో తిట్టకుండా గది బయటికి తీసుకెళ్లి మాట్లాడే మాస్టారు, ఇక్కడా అదే చేశాడు. భార్య పాటల సాధనకి వెళ్లిన సాయంత్రం కాఫీ పెట్టి, తలుపు తీసి, ఒక దొంగని మర్యాదగా లోపలికి రమ్మన్నాడు. ఐలాకి కోపమూ దుఃఖమూ ఒకేసారి వచ్చాయి. వాటిని పక్కన పెట్టింది. ఎందుకంటే వాటికంటే ముందు ఇంకో సంగతి తట్టింది.

విషం కొత్త వెర్షన్‌లో లేదు. పాతదాంట్లో ఉంది. హేవార్డ్ అందర్నీ పాతదానికే వెనక్కి పంపుతున్నాడు.

ఆమె ఫోను తీసేసరికి మధ్యాహ్నం దాటింది. హేవార్డ్ మొదటి మోతకే ఎత్తాడు, గొంతులో పని పూర్తిచేసుకున్న తృప్తి. హెచ్చరిక వెళ్లిపోయిందని చెప్పాడు. అన్నిచోట్లా మార్చేస్తున్నారు, మీ ఊరి ఆస్పత్రి అయితే అందరికంటే ముందు మార్చింది అన్నాడు.

"ఆపండి," అంది ఐలా. ఎందుకో నాలుగు మాటల్లో చెప్పింది.

హేవార్డ్ మొండివాడే గానీ మూర్ఖుడు కాదు. సబ్బుపొడి దగ్గర ఓడినప్పుడే అతనిలో ఎక్కడో ఒక అనుమానం మొదలై ఉండాలి.

"హేవార్డ్ గారూ, పాత వెర్షన్‌కి వెళ్లమని చెప్పిన సలహా మీదేనా?"

"కాదు," అన్నాడు హేవార్డ్. "పొద్దున పది దాటిన కాసేపటికి ఒక ఉత్తరం వచ్చింది. మీ పించ్ మనుషుల్లోనే ఒకతను. కొత్త వెర్షన్‌లో ఏదో తేడాగా ఉంది, లిండ్‌క్విస్ట్ గారి మీద నాకు అనుమానం, పాతదానికి వెనక్కి వెళ్లడం క్షేమం అని వివరంగా రాశాడు. చాలా మర్యాదగా రాశాడు. ట్రెడ్‌వెల్ అని."

"ఇప్పుడే రెండో హెచ్చరిక పంపండి. మీ పేరుతో. తప్పు చేశానని రాయండి."

"పంపుతున్నాను," అన్నాడు హేవార్డ్. ఒక్కమాట కూడా ఎదురు చెప్పలేదు.

ఇద్దరూ కారు దగ్గరికి పరుగెత్తారు. రమోనా తెల్లకోటుతోనే, రిబ్బను గుప్పెట్లోనే. నోరు తెరుచుకుని పడుకున్న ముసలాయన్ని ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. మాస్టారు చూసిన ట్రెడ్‌వెల్ ముఖాన్ని ఈ లోకంలో ఇంకెవరూ చూడలేదు. ఆయన కళ్లు తెరిస్తే ట్రెడ్‌వెల్ పని అయిపోయినట్టే. ఆయన చేతికి ఉన్న మందు పంపు, ఇందాకే పాత వెర్షన్‌కి వెళ్లిన పంపు.

ఐలా ఒక చేత్తో కారు తిప్పుతూ స్పీకరు మీద ఆస్పత్రికి ఫోను చేసింది. ఆ వార్డులో నర్సు బెర్నిస్ తీసింది. లిండ్‌క్విస్ట్ గారు ఎలా ఉన్నారని అడిగితే, నిలకడగానే ఉన్నారంది. సిల్వీ గారు ఇంకా రాలేదంది.

"అయినా మీరేం కంగారుపడకండి సార్జెంట్ గారూ," అంది బెర్నిస్. "పక్కన మనిషి ఉన్నాడు. పెద్దాయనతో కలిసి ఆ కంప్యూటర్ పనేదో చేస్తాడట, పాపం, అంతదూరం నుంచి చూడ్డానికి వచ్చాడు. నాకు కూడా కాఫీ తెచ్చాడు. ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని ఇందాకట్నుంచీ ఆ పంపు వైపే చూస్తూ కూర్చున్నాడు."

రమోనా చేయి ఐలా భుజం మీద బిగుసుకుంది.

"బెర్నిస్, నేను చెప్పేది విని పైకి ఏమీ అనకండి," అంది ఐలా. గొంతు ఎంత మామూలుగా ఉంచగలదో అంత మామూలుగా ఉంచింది. "ఫోను ఆపకుండా జేబులో వేసుకోండి. సెక్యూరిటీ వాళ్లకి సైగ చేసి, నవ్వుతూ గదిలోకి వెళ్లండి. పంపు ముట్టుకోవద్దు, దాని తెర మీద ఏముందో నమ్మొద్దు. కట్టు మార్చాలని చెప్పి, ఆయన చేతికి ఉన్న గొట్టం నేరుగా ఊడదీసేయండి."

బెర్నిస్ ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఫోనులో బట్ట రాసుకున్న చప్పుడు, తర్వాత అడుగుల చప్పుడు. కారు వంతెన దాటుతుండగా తలుపు తెరుచుకున్నట్టు వినిపించింది. కట్టు మార్చాలి, ఒక్క నిమిషం పక్కకి జరుగుతారా అని బెర్నిస్ అడుగుతోంది.

కుర్చీ జరిగిన చప్పుడు. ఆ తర్వాత ఒక మగగొంతు, మెత్తగా, ఎంతో మర్యాదగా జవాబిచ్చింది.

"తొందరేం లేదు సిస్టర్. మీ వీలు చూసుకునే చేయండి."